వేట జంతువుల శారీరక అనుకూలనాలు

వేట జంతువుల శారీరక అనుకూలనాలు అనగా ఇతర జంతువులను పట్టి, చంపి, తిని బ్రతికే జీవులకు ఆ పనిలో తోడ్పడే శరీర నిర్మాణాలు. ఇట్టి జీవులను జీవశాస్త్రంలో పరభక్షకాలు అంటారు. వాటికి ఆహారమయ్యే జంతువును భక్ష్యం అని, వాడుకలో ఎర అని అంటారు. పులి కోరలు, డేగ కాలిగోళ్ళు, గుడ్లగూబ చెవులు, పాము విషం, ఊసరవెల్లి నాలుక మొదలైనవన్నీ ఇటువంటి అనుకూలనాలే.

ప్రతి వేటలోనూ నాలుగు దశలు ఉంటాయి. మొదట ఎర ఎక్కడ ఉన్నదో కనిపెట్టాలి. తరువాత దాని దగ్గరకు చేరాలి. ఆపైన పట్టుకోవాలి. చివరకు చంపి తినాలి. వీటిలో ఏ ఒక్క దశలో విఫలమైనా ఆ పూట ఆహారం దొరకదు. అందువలన వేట జంతువు శరీరంలో కంటి నుండి కాలిగోరు వరకు అనేక భాగాలు ఈ నాలుగు పనులలో ఏదో ఒక దానికి తగినట్లుగా రూపొంది ఉంటాయి. ఈ వ్యాసంలో వాటిని అదే క్రమంలో వివరించడం జరిగింది.

అనుకూలనాలు ఏర్పడే విధానం

ఏ జంతువూ తనకు కావాలని కోరుకొని కోరలను గాని, గోళ్ళను గాని పెంచుకోదు. ఒకే జాతికి చెందిన జంతువుల మధ్య కూడా పుట్టుకతో చిన్న చిన్న తేడాలు ఉంటాయి. కొంచెం చురుకైన చూపు లేదా కొంచెం బలమైన దవడ గల జంతువుకు ఆహారం సులభంగా దొరుకుతుంది. అది ఎక్కువ కాలం బ్రతికి, ఎక్కువ పిల్లలను కంటుంది. ఆ లక్షణం పిల్లలకు సంక్రమిస్తుంది. వేలాది తరాల పాటు ఇది జరిగితే ఆ లక్షణం జాతి అంతటా వ్యాపిస్తుంది. దీనినే ప్రకృతి వరణం అంటారు. చార్లెస్ డార్విన్ 1859లో ప్రచురించిన గ్రంథంలో ఈ సిద్ధాంతాన్ని విపులంగా ప్రతిపాదించాడు.

ఒక లాభం కోసం మరొక నష్టాన్ని భరించవలసి రావడం కూడా అనుకూలనాలలో సాధారణమే. పరుగుకు తగిన తేలికైన శరీరం గల జంతువు పోరాటంలో బలహీనంగా ఉంటుంది. బలమైన శరీరం గల జంతువు ఎక్కువ దూరం పరుగెత్తలేదు. అన్ని విధాలా సంపూర్ణమైన వేట జంతువు ప్రకృతిలో లేదు.

ఎరను కనిపెట్టడం

చూపు

జింక, కుందేలు వంటి శాకాహారుల కళ్ళు తలకు రెండు ప్రక్కలా ఉంటాయి. దీనివలన అవి మెడ త్రిప్పకుండానే చాలా వరకు చుట్టూ చూడగలవు. పులి, పిల్లి, గుడ్లగూబ వంటి వేట జంతువుల కళ్ళు ముందు వైపుకు ఉంటాయి. రెండు కళ్ళూ ఒకే వస్తువును కొద్దిపాటి తేడాతో చూస్తాయి. మెదడు ఆ రెండు చిత్రాలనూ పోల్చి, వస్తువు ఎంత దూరంలో ఉన్నదో అంచనా వేస్తుంది. దీనిని ద్వినేత్ర దృష్టి అంటారు. దూకవలసిన దూరం తప్పితే ఎర తప్పించుకుంటుంది గనుక ఈ అంచనా ఎంతో ముఖ్యం.

రాత్రి వేటాడే పిల్లి జాతి జంతువుల కంటిలో రెటీనా వెనుక అద్దం వంటి ఒక పొర ఉంటుంది. రెటీనా గుండా వెళ్ళిన వెలుగును ఈ పొర తిరిగి వెనుకకు పంపడం వలన అదే వెలుగు రెండవసారి ఉపయోగపడుతుంది. దీపం వెలుగులో పిల్లి కళ్ళు మెరిసేది ఇందువలననే. ఈ పొర వేట జంతువులకు మాత్రమే పరిమితం కాదు. రాత్రిపూట మేసే జింకలకు, పశువులకు కూడా ఉంటుంది.

పిల్లి కంటిపాప వెలుతురులో నిలువు గీతవలె ముడుచుకుంటుంది. పులి, సింహం, చిరుతపులి కంటిపాపలు మాత్రం గుండ్రంగానే ఉంటాయి. నేలకు దగ్గరగా ఉండి, పొంచి వేటాడే చిన్న జంతువులలో నిలువు కంటిపాపలు ఎక్కువగా కనిపిస్తాయని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది.

పగటిపూట వేటాడే డేగలు, గ్రద్దల చూపు మరింత నిశితమైనది. మనిషి రెటీనాలో అత్యంత స్పష్టంగా చూడగల గుంట ఒక్కటే ఉంటుంది. గ్రద్ద జాతి పక్షులలో ఒక్కొక్క కంటికి అటువంటివి రెండు ఉంటాయి. పెద్ద గ్రద్దల చూపు మనిషి చూపుకంటే రెండు రెట్లకు పైగా సూక్ష్మంగా ఉంటుంది.

వినికిడి

వినికిడిపై ఆధారపడి వేటాడే జంతువులలో గుడ్లగూబలు ముఖ్యమైనవి. బార్న్ ఔల్ అని పిలువబడే తెల్లముఖపు గుడ్లగూబ పూర్తి చీకటిలో కూడా కేవలం శబ్దాన్ని బట్టి ఎలుకను పట్టగలదని రోజర్ పేన్ అనే శాస్త్రవేత్త ప్రయోగాల ద్వారా నిరూపించి, 1971లో ఆ వివరాలను ప్రచురించాడు.

ఈ గుడ్లగూబకు రెండు చెవి రంధ్రాలు ఒకే ఎత్తులో ఉండవు. ఒకటి కొంచెం పైకి, మరొకటి కొంచెం క్రిందికి ఉంటాయి. ఎలుక చేసిన చప్పుడు ఏ చెవికి ముందు చేరిందో దానిని బట్టి కుడి ఎడమలను, ఏ చెవికి బిగ్గరగా వినిపించిందో దానిని బట్టి పైకి క్రిందికి గల స్థానాన్ని గుడ్లగూబ గ్రహిస్తుంది. పళ్ళెం వంటి ముఖంలోని ఈకలు శబ్దాన్ని కూడగట్టి చెవులకు చేరవేస్తాయి. కొన్ని గుడ్లగూబల తలపై కొమ్ములవలె కనిపించేవి ఈకల కుచ్చులే గాని చెవులు కావు.

గుడ్లగూబ కళ్ళు గొట్టాల ఆకారంలో ఉండడం వలన వాటిని మన కళ్ళవలె అటూ ఇటూ త్రిప్పడం సాధ్యం కాదు. దీనికి బదులుగా అది తలనే ఒక్కొక్క ప్రక్కకు సుమారు 270 డిగ్రీల వరకు త్రిప్పగలదు. మనిషి మెడలో 7 వెన్నుపూసలు ఉండగా గుడ్లగూబ మెడలో 14 ఉంటాయి.

కీటకాలను తినే గబ్బిలాలు మనకు వినిపించని అతిధ్వనులను వెలువరించి, వాటి ప్రతిధ్వనిని బట్టి పురుగును గుర్తిస్తాయి. కళ్ళు కనిపించకపోయినా గబ్బిలం దారి తప్పదని ఇటలీ దేశస్థుడైన స్పల్లంజాని 1790లలోనే గమనించాడు. అందుకు కారణం అతిధ్వనులని డోనాల్డ్ గ్రిఫిన్, అతని సహచరులు 1938 తరువాత చేసిన ప్రయోగాలలో తేలింది. మన ఊళ్ళలో మర్రి, చింత చెట్లకు గుంపులుగా వ్రేలాడే పెద్ద గబ్బిలాలు పండ్లను తినేవి. అవి ఈ పద్ధతిని ఉపయోగించవు.

వాసన, వేడి మరియు విద్యుత్తు

పాము మాటిమాటికీ నాలుకను బయటకు చాపేది బెదిరించడానికి కాదు. నాలుకపై చేరిన వాసన కణాలను అంగిటిలో ఉండే జాకబ్‌సన్ అవయవానికి చేరవేయడానికి మాత్రమే. నాలుక రెండుగా చీలి ఉండడం వలన వాసన ఏ ప్రక్క ఎక్కువగా ఉన్నదో దానికి తెలుస్తుంది.

కొండచిలువ పెదవుల అంచున ఉండే చిన్న గుంటలు ఎర శరీరం నుండి వచ్చే వేడిని పసిగడతాయి. గుంట పింజరులు అనే పాములలో ఇటువంటి గుంట కంటికి, ముక్కు రంధ్రానికి మధ్య ఉంటుంది. కటిక చీకటిలో కూడా ఎలుక వంటి వెచ్చని జంతువును ఇవి గుర్తించగలవు.

సొరచేప ముట్టెపై ఉండే సన్నని రంధ్రాలు ఇతర చేపల కండరాల నుండి వెలువడే అతి స్వల్పమైన విద్యుత్తును గ్రహిస్తాయి. స్టెఫానో లోరెంజిని 1678లో వీటిని వర్ణించినందున వీటికి అతని పేరు వచ్చింది. వాటి ఉపయోగం ఏమిటో 20వ శతాబ్దంలో గాని తెలియలేదు.

ఎరను సమీపించడం

మరుగు

పులి ఎక్కువ దూరం తరిమి పట్టే జంతువు కాదు. వీలైనంత దగ్గరకు పొంచి వచ్చి, ఒక్కసారిగా మీదపడుతుంది. అందువలన కనిపించకుండా ఉండడం దానికి ప్రాణాధారం. నారింజ రంగు శరీరం పచ్చని అడవిలో కొట్టొచ్చినట్లు కనిపించాలి కదా అనే సందేహం విద్యార్థులకు కలగడం సహజం. దీనికి సమాధానం పులి చర్మంలో కంటే జింక కంటిలో ఉంది. మనుషుల కంటిలో రంగులను గుర్తించే శంకుకణాలు మూడు రకాలు కాగా జింకలలో రెండు రకాలే ఉంటాయి. వాటికి నారింజ, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా సరిగా తెలియదు. 2019లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ పరిశోధన కూడా ఈ విషయాన్ని సమర్థించింది. పులి చారలు గడ్డి నీడలలో కలిసిపోయి, శరీరపు అంచులను చెరిపివేస్తాయి.

ఏ రెండు పులుల చారలూ ఒకే విధంగా ఉండవు. ఈ కారణం చేతనే నల్లమల అడవులలోని నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాలలో అమర్చిన కెమెరాల ఫోటోల నుండి ఒక్కొక్క పులినీ విడివిడిగా గుర్తించి లెక్కించడం సాధ్యమవుతున్నది.

పిల్లి జాతి పాదాల క్రింద ఉండే మెత్తలు అడుగుల చప్పుడును అణచివేస్తాయి. గుడ్లగూబ రెక్క ముందు అంచున దువ్వెన పళ్ళ వంటి నిర్మాణం, వెనుక అంచున కుచ్చు, పైభాగాన మఖమల్ వంటి నూగు ఉండి ఎగిరేటప్పుడు చప్పుడు రాకుండా చేస్తాయి. మొసలికి కళ్ళు, ముక్కు రంధ్రాలు తల పైభాగాన ఉంటాయి. మిగిలిన శరీరమంతా నీటిలో దాచుకొని కూడా అది చూడగలదు, శ్వాసించగలదు.

వేగం

నేలపై అత్యంత వేగంగా పరుగెత్తే జంతువు చీతా. తెలుగులో చీతాను, చిరుతపులిని ఒకటిగా భావించడం తరచు జరుగుతుంది. ఇవి వేరు వేరు జంతువులు. చిరుతపులి బలమైన భుజాలతో చెట్టెక్కి, ఎరను కొమ్మపైకి లాక్కుపోగలదు. చీతా అటువంటిది కాదు. సన్నని నడుము, పొడవైన కాళ్ళు, విల్లువలె వంగి సాగే వెన్నెముక, మలుపులలో తూకం నిలిపే పొడవైన తోక, ఎక్కువ గాలి పీల్చడానికి వీలైన వెడల్పాటి ముక్కు మార్గాలు దాని ప్రత్యేకతలు.

బోట్స్‌వానాలో చీతాల మెడకు పరికరాలు అమర్చి జరిపిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. వాటిలో నమోదైన గరిష్ఠ వేగం గంటకు సుమారు 93 కి.మీ. సగటున ఒక్కొక్క పరుగు 173 మీటర్లు మాత్రమే. ఎక్కువ వేటలలో చీతా అంత వేగాన్ని ఉపయోగించలేదు. వేగం కంటే చటుక్కున మలుపు తిరగడం, వేగాన్ని ఒక్కసారిగా తగ్గించడం ముఖ్యమని ఈ పరిశోధన వలన తెలిసింది. భారతదేశంలో చీతా అంతరించినట్లు 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి తెచ్చిన ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ ఉద్యానవనంలో ప్రవేశపెట్టారు.

ఆకాశంలో పెరిగ్రిన్ డేగ ఎరపైకి నిట్టనిలువుగా దూకేటప్పుడు గంటకు 300 కి.మీ. మించిన వేగాన్ని అందుకోగలదు.

ఓపిక మరియు గుంపు

తోడేలుకు, రేచుకుక్కకు చీతా వేగం గాని పులి బలం గాని లేవు. పొడవైన కాళ్ళు, లోతైన ఛాతీ, అలసట లేకుండా సాగే పరుగు వాటి సాధనాలు. ఇవి గుంపుగా వేటాడి, తమకంటే పెద్ద జంతువులను కూడా పడగొడతాయి. రేచుకుక్కలు ఈల వంటి కూతలతో పొదలలో ఒకదాని జాడ మరొకదానికి తెలుపుకుంటాయి.

ఎరను పట్టుకోవడం

పిల్లి జాతి గోళ్ళు నడిచేటప్పుడు ఒరలో కత్తివలె లోపలికి ముడుచుకొని ఉంటాయి. అందువలన అవి నేలకు రాసుకొని మొద్దుబారవు. పంజా విసిరేటప్పుడు మాత్రమే బయటకు వస్తాయి. కుక్క గోళ్ళు ఎప్పుడూ బయటనే ఉంటాయి. చీతా గోళ్ళు ఈ రెంటికీ మధ్యస్థంగా ఉండి, పరుగులో నేలను పట్టుకోవడానికి తోడ్పడతాయి.

పట్టుకునే ఇతర సాధనాలలో ముఖ్యమైనవి:

* ఆస్ప్రే అనే చేపల గ్రద్ద: కాలి వ్రేళ్ళ క్రింద ముళ్ళ వంటి గరుకు పొలుసులు ఉంటాయి. వెలుపలి వ్రేలిని వెనుకకు త్రిప్పి, జారిపోయే చేపను ముందు రెండు, వెనుక రెండు వ్రేళ్ళతో బిగిస్తుంది.
* నీటిపిల్లి: బావురుపిల్లి అని కూడా అంటారు. వ్రేళ్ళ మధ్య కొంతవరకు చర్మం, నీరు లోపలికి దిగని దట్టమైన బొచ్చు ఉంటాయి. ఇది కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవులలో నివసిస్తున్నది.
* ఊసరవెల్లి: నాలుక శరీరం కంటే పొడవుగా సాగగలదు. ముందుగా బిగించి ఉంచిన సాగే కణజాలం ఒక్కసారిగా విడుదల కావడం వలన బాణంవలె దూసుకుపోతుంది.
* కప్ప: నాలుక మనకు ఉన్నట్లు వెనుక భాగాన కాక, క్రింది దవడ ముందు భాగాన అతికి ఉంటుంది. జిగురు లాలాజలంతో పురుగును అంటించుకొని లోపలికి మడుచుకుంటుంది.
* గొల్లభామ: ముంగాళ్ళు ముళ్ళతో కూడి, మడత కత్తివలె మూసుకుంటాయి.
* తూనీగ: ముళ్ళ కాళ్ళను బుట్టవలె చేర్చి దోమలను, ఈగలను గాలిలోనే పడుతుంది. ప్రయోగాలలో ఇది పది ప్రయత్నాలలో తొమ్మిదికి పైగా సఫలమైంది. పులికి మాత్రం ఎక్కువ ప్రయత్నాలు వృథా అవుతాయి.

చంపడం, తినడం

పళ్ళు మరియు దవడలు

పిల్లి జాతికి సాధారణంగా 30 పళ్ళు, కుక్కకు, తోడేలుకు 42 పళ్ళు, రేచుకుక్కకు 40 పళ్ళు ఉంటాయి. కోరపళ్ళను శాస్త్ర పరిభాషలో రదనికలు అంటారు. పులి చిన్న ఎరను మెడ వెనుక భాగాన కరచి వెన్నుపూసలను విరుస్తుంది. పెద్ద ఎరను గొంతు పట్టి, ఊపిరి ఆడకుండా చేస్తుంది. పై దవడలోని చివరి అగ్రచర్వణకం, క్రింది దవడలోని మొదటి చర్వణకం కత్తెర రేకులవలె ఒకదానిని ఒకటి రాసుకుంటూ మాంసాన్ని కోస్తాయి. పులి దవడ పైకి క్రిందికి మాత్రమే కదులుతుంది. ఆవువలె ప్రక్కలకు కదిపి నమలలేదు. నాలుకపై ఉండే గరుకు ముళ్ళు ఎముకకు అంటిన మాంసాన్ని గీకివేస్తాయి. దుమ్ములగొండికి బలమైన అగ్రచర్వణకాలు, దవడ కండరాలు ఉండి ఎముకలను సైతం పగులగొడతాయి.

మొసలి దవడలను మూసే కండరాలు అత్యంత బలమైనవి. 2012లో ప్రచురితమైన కొలతలలో ఉప్పునీటి మొసలి కాటు బలం 16 వేల న్యూటన్లను దాటింది. దవడలను తెరిచే కండరాలు మాత్రం బలహీనమైనవి. మొసలి పళ్ళు పట్టుకోవడానికే గాని కోయడానికి పనికిరావు. అందువలన అది ఎరను పట్టి, నీటిలో గిరగిరా దొర్లి ముక్కలు చేస్తుంది.

విషం

పాము విషం మార్పు చెందిన లాలాజలం. దాని మొదటి ఉపయోగం ఎరను కదలకుండా చేయడం. ఆత్మరక్షణ తరువాతిది. నాగుపాము, కట్లపాము విషం ముఖ్యంగా నాడులపై పనిచేస్తుంది. రక్తపింజరి, చిన్న పింజరి విషం ముఖ్యంగా రక్తాన్ని, రక్తనాళాలను దెబ్బతీస్తుంది. నాగుపాము కోరలు పొట్టిగా, కదలకుండా ఉంటాయి. రక్తపింజరి కోరలు పొడవైనవి. నోరు మూసినప్పుడు మడతపడి, కాటు వేసేటప్పుడు ముందుకు లేస్తాయి.

రక్తపింజరికి ఆంగ్లంలో రస్సెల్ పేరు ఉంది. ఆ పేరు గల ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 18వ శతాబ్దం చివరిలో విశాఖపట్నం ప్రాంతంలో నివసించి, కోరమాండల్ తీరపు పాములను సేకరించి వాటి వివరాలను 1796లో గ్రంథరూపంలో ప్రచురించాడు.

కొండచిలువకు విషం లేదు. అది ఎరను చుట్టి బిగిస్తుంది. ఎర ఊపిరాడక చనిపోతుందని చాలాకాలం భావించారు. బోవా జాతి పాములపై జరిపి 2015లో ప్రచురించిన ప్రయోగాలలో, బిగింపు వలన కొన్ని సెకన్లలోనే రక్తప్రసరణ దెబ్బతింటుందని తేలింది. పాము క్రింది దవడ రెండు సగాలు ముందు భాగాన అతుక్కొని ఉండవు. సాగే కణజాలంతో కలపబడి ఉంటాయి. అందువలన తన తల కంటే పెద్ద ఎరను కూడా అది మ్రింగగలదు. మ్రింగే సమయంలో శ్వాసనాళపు మూతిని నోటి ముందుకు తెచ్చి గాలి పీల్చుకుంటుంది.

ఎర జంతువుల ఎదురు రక్షణ

వేటాడే జంతువులు మెరుగుపడుతూ ఉంటే ఎర జంతువులు ఊరకే ఉండవు. గబ్బిలం అతిధ్వనిని విని క్రిందికి పడిపోయే చిమ్మెటలు ఉన్నాయి. చుక్కల దుప్పి, చెట్టుపై ఉన్న కొండముచ్చు ఒకదాని హెచ్చరికను మరొకటి అర్థం చేసుకుంటాయి. ముళ్ళపంది తన ముళ్ళతో పులిని సైతం గాయపరుస్తుంది.

అవయవం చెడినప్పుడు

ఒక్క అవయవం దెబ్బతింటే వేట జంతువు బ్రతుకు ఎంతగా మారుతుందో తెలిపే ప్రసిద్ధ ఉదాహరణ చంపావత్ ఆడపులి. నేపాల్‌లోనూ, కుమావూఁ ప్రాంతంలోనూ 436 మందిని చంపినట్లు చెప్పబడే ఈ పులిని జిమ్ కార్బెట్ 1907లో కాల్చి చంపాడు. దాని కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. పై కోర సగానికి, క్రింది కోర ఎముక వరకు విరిగినట్లు, అది పాత తుపాకీ గాయమైనట్లు కార్బెట్ వ్రాశాడు. కోరలు లేక సహజమైన ఎరను చంపలేకపోవడమే అది మనుషులపై పడడానికి కారణమని ఆయన అభిప్రాయం. ముక్తేసర్ ఆడపులి ముళ్ళపందితో తలపడి ఒక కన్ను పోగొట్టుకున్నదని, దాని ముంగాలిలో సుమారు యాభై ముళ్ళు గ్రుచ్చుకున్నాయని కూడా ఆయన నమోదు చేశాడు. నరమాంసంపై మోజు పులికి పుట్టుకతో వచ్చేది కాదు. మొదటి సందర్భంలో గాయానికి కారణం మనిషే కావడం గమనించదగినది.

మనుషులకు సంబంధించిన విషయాలు

గుడ్లగూబలు, జెర్రిపోతులు పొలాలలో ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తాయి. అపశకునమని గుడ్లగూబను, విషసర్పమని జెర్రిపోతును చంపడం వలన నష్టపోయేది మనమే. జెర్రిపోతుకు విషం లేదు.

మరొక వైపు పాముకాటు తీవ్రమైన సమస్య. 2000 నుండి 2019 వరకు భారతదేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించి ఉంటారని 2020లో ప్రచురితమైన పరిశోధన అంచనా వేసింది. మన దేశంలో సాధారణంగా వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలపై పనిచేస్తుంది. కాటు పడినచోట కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ప్రమాదకరం. కరచిన అవయవాన్ని కదల్చకుండా ఉంచి, రోగిని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కొన్ని అపోహలు

* పాము పాలు త్రాగుతుంది: పాము మాంసాహారి. పాలు దాని ఆహారం కాదు.
* మ్రింగేటప్పుడు పాము దవడ కీలు తప్పుతుంది: కీలు తప్పదు. ఎముకలను కలిపే కణజాలమే సాగుతుంది.
* గుడ్లగూబకు పగలు కళ్ళు కనిపించవు: పగలు కూడా కనిపిస్తాయి.
* పిల్లి కళ్ళు స్వయంగా వెలుగుతాయి: బయటి వెలుగును తిరిగి పంపుతాయి. పూర్తి చీకటిలో మెరవవు.

ఇవి కూడా చూడండి

* పులి
* గుడ్లగూబ
* పాము
* ఆహారపు గొలుసు
* ప్రకృతి వరణం